రంగం పెట్టెలో ఆరు కంపెనీలు

మొన్న ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఫండ్లు అమ్ముతుందట. ప్రపంచం నలుమూలలా ఏటేటా డివిడెండు ఇచ్చే కంపెనీలను ఏరి, అన్నింటి షేర్లనూ ఒక్కచోట చేర్చిన ఫండు అని చెప్పింది. రంగుల పుస్తకం చూపించింది. ఎండన పడి వచ్చింది కదా అని మజ్జిగ ఇప్పించి, చెప్పిందంతా విన్నాను. చివర్లో ఒక్కటే అడిగాను.

"ఇందులో మునిగిపోయే కంపెనీ ఏదమ్మా?"

ఆ పిల్ల కంగారుపడింది. "అన్నీ మంచివేనండీ. ఏదీ మునగదు" అంది.

నేను కొనలేదు. ఫండు చెడ్డదని కాదు, మంచి సరుకే. అమ్మే మనిషికి తన చేతిలో ఉన్నదేమిటో తెలియదు, అదీ నా బాధ. నాకు ఎనభై దాటి చాలా కాలమైంది. ముప్పై అయిదేళ్ళకు పైగా షేర్ల ఏజెంటుగా బతికాను. ఆ అమ్మాయి అమ్ముతున్న సరుకును నేను పందొమ్మిది వందల యాభైల్లోనే, చోడవరంలో, ఒక రేకు పెట్టెలో చూశాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే మీలాంటివాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ ఫారం ఎలా నింపాలో ఇందులో వెతక్కండి.

పొగ గొట్టం కనపడతాదా?

విశాఖపట్నంలో ఒక బ్రోకరు ఆఫీసు ఉండేది. దానికి చోడవరం చుట్టుపక్కల నేను ఏజెంటుని. ఆఫీసంటే బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఒక చిన్న గది, ఒక బల్ల, ఒక సైకిలు. జనం నన్ను కాయితాల బాబు అనేవారు. మొదట్లో ఆ పేరు చెవిన పడితే ఒళ్ళు మండేది. బీయే చదివినవాణ్ణి, ఇదేం పిలుపు అనుకునేవాణ్ణి. తర్వాత అలవాటైపోయింది.

మా రైతులకు షేరు అమ్మడం మాటలు కాదు. చెరకూ వరీ పండించేవాళ్ళు కళ్ళతో చూసిందే నమ్ముతారు. కలకత్తా కంపెనీ అని మొదలుపెట్టగానే, "దాని పొగ గొట్టం ఇక్కడికి కనపడతాదా బాబూ?" అని అడిగేవారు. కనపడదంటే లేచిపోయేవారు. నేను వాళ్ళను వెర్రివాళ్ళనుకునేవాణ్ణి. ఇప్పుడైతే అనుకోను. కనపడని దాంట్లో డబ్బు పెట్టేవాడు అడగవలసిన మొదటి ప్రశ్న అదే.

డివిడెండు అంటే ఏమిటో చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. లాభంలో వాటా అన్నాను, వడ్డీలాంటిది అన్నాను, ఎవరికీ ఎక్కలేదు. ఒకరోజు రోలుగుంట దారిలో చెరకు కొట్టేసిన మడి చూస్తుంటే తట్టింది. కొట్టేశాక మోడు నుంచి మళ్ళీ పిలకలు వేసే తోటను మేం కార్సి అంటాం. కొత్తగా నాటే ఖర్చుండదు. "షేరంటే నాటిన తోట, డివిడెండంటే ఏటేటా వచ్చే కార్సి" అన్నాను. ఆ మాటతో నా వ్యాపారం లేచింది. అదే మాట తర్వాత నన్ను కొట్టింది కూడా, అది ముందుముందు చెబుతాను.

దిండులోంచి వచ్చిన కాగితాలు

రంగూన్‌ని మా వైపు రంగం అంటారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మా ఊళ్ళ నుంచి ఎందరో అక్కడికి పనికి పోయారు. బాంబులు పడ్డప్పుడు తిరిగి వచ్చినవాళ్ళలో నరసమ్మ ఒకతె. బుచ్చయ్యపేట దగ్గర ఒక పల్లెలో కూతురు సత్తెమ్మతో ఉండేది. నాయుడుగారి రెండెకరాల చెరకు మడి కౌలుకు చేసుకునేది. ఆమె భర్త రంగం రేవులో కూలీల మేస్త్రీగా చేసి, తిరుగుదారిలో పోయాడు. నాకు అప్పటికి తెలిసింది అంతే.

ఒకనాడు ఆవిడ చంకలో దిండు పెట్టుకుని నా గదికి వచ్చింది.

"నువ్వు కాయితాలు సదువుతావట కదా బాబూ. ఇయ్యి ఏటో సెప్పు" అని దిండు కుట్టు విప్పింది. బూరుగు దూది మధ్యలోంచి ఆరు షేరు సర్టిఫికెట్లు తీసింది. మలయాలో రబ్బరు తోటలు, సిలోనులో తేయాకు, లండన్‌లో ఓడల కంపెనీ, కలకత్తాలో జనపనార, బర్మాలో చమురు, రంగంలో బియ్యం మిల్లు. ప్రతి కాగితానికీ నాలుగు మూలలా పసుపు.

అంతవరకు నేను అమ్మినవన్నీ కలిపినా అన్ని దేశాలు లేవు.

"ఇవి ఎవరు కొన్నారమ్మా?"

"మా గుంటలయ్య. దొర బోనసు ఇచ్చినప్పుడల్లా ఒకటి కొనీవోడు. కొన్నదాంట్లో మళ్ళీ కొనీవోడు కాదు. ఎందుకంటే సెప్పీవోడు కాదు." పిల్లల తండ్రిని ఆవిడ అలాగే అనేది. "ఆడి గురుతుకని దాసేను. లచ్చిమి పూజకి మా సత్తెమ్మ పసుపు ఎడతాది. నాను ముట్టకూడదు కదా."

చమురు బావులు యుద్ధంలో పేలిపోయాయి, బియ్యం మిల్లు మూతపడింది. ఆ రెండూ చచ్చాయి. మిగతా నాలుగూ నిక్షేపంగా బతికున్నాయి. ఇన్నేళ్ళ డివిడెండ్లు రంగంలో ఎవరూ లేని ఇంటికి వెళ్ళి తిరిగిపోతున్నాయి. అవన్నీ ఆవిడ పేరుకు మార్పించడానికి ఏడాది పట్టింది. ఆ గోల వదిలేస్తున్నాను.

పనికిరాని రెండు కాగితాలు చింపబోతే నా చెయ్యి పట్టుకుంది. "ఒద్దు బాబూ" అంది. పిచ్చిది అనుకున్నాను. తగరపు రేకు పెట్టె ఒకటి కొనిచ్చి ఆరూ అందులోనే పెట్టాను.

మా పెద్దాయన లెక్క

ఆ రోజుల్లోనే నాయుడుగారు ఆ రెండెకరాలూ అమ్మకానికి పెట్టారు. మంచి మనిషి. రెండేళ్ళ తర్వాత వచ్చే శివరాత్రిలోగా డబ్బు కట్టగలిగితే నరసమ్మకే ఇస్తానన్నారు. లేకపోతే అనకాపల్లి బెల్లం వర్తకుడికి. ఆ వర్తకుడు సొంతంగా సాగు చేయించే రకం, కౌలుకు ఇవ్వడు. అంటే మడి పోతే తల్లీ కూతుళ్ళు కూలికి పోవాల్సిందే. పాత డివిడెండ్ల మొత్తం వచ్చాక సగం పైన సమకూరింది. మిగతాది రెండేళ్ళలో రావాలి.

నేను విశాఖపట్నం వెళ్ళి మా పెద్దాయనకు ఈ సంగతి చెప్పాను. పెద్దాయనంటే మా బ్రోకరు, నాకు పని నేర్పినవాడు. తెలివైనవాడు, మాటకారి. ఒక బట్టల మిల్లు షేర్లు అప్పుడు అమ్ముడుపోక ఆయన నెత్తిన ఉన్నాయి.

"ఏమోయ్, ఆ నాలుగూ అమ్మించెయ్. ఈ మిల్లు వాటన్నిటికీ రెట్టింపు డివిడెండు ఇస్తోంది. రెండేళ్ళలో ఆవిడ పొలం ఆవిడదే. నీ కమీషను కూడా రెట్టింపే అనుకో" అన్నాడు.

నేను నమ్మాను. కమీషను కోసమే నమ్మానని అప్పుడు ఎవరైనా అంటే కొట్టేవాణ్ణి. కమీషను ఉన్నచోట మనిషి నమ్మకం తొందరగా కుదురుతుంది, అంతే. మీరు దేన్నయినా చాలా గట్టిగా నమ్ముతున్నట్టు అనిపిస్తే, దాని మీద మీకు ఎంత వస్తుందో ఒకసారి చూసుకోండి.

నరసమ్మ దగ్గరికి వెళ్ళి గంటసేపు చెప్పాను. ఆవిడ పొయ్యిలో కట్టె ఎగదోస్తూ విన్నది.

"అంత కార్సి ఏ ఎరువు మీద వస్తంది బాబూ?" అంది.

నా మాటనే నాకు తిప్పి కొట్టింది. ఆ మిల్లుకు లాభం ఎక్కడి నుంచి వస్తోందో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. డివిడెండు ఎంతో మాత్రమే చూశాను. "పెద్ద కంపెనీ అమ్మా, వాళ్ళకు తెలీదా?" అన్నాను. నా బీయే జ్ఞానానికి ఆవిడ ఒక్క ప్రశ్న సరిపోయింది గాని, నాకు అది అప్పుడు తెలియలేదు.

"అన్నీ ఒద్దు. ఒకటి తీసుకో" అంది చివరికి.

"ఒకటైతే ఏం ప్రయోజనం? పొలం వద్దా నీకు?"

"కావాల. అయినా ఒకటే."

ఎంత చెప్పినా కదల్లేదు. మొండిది అని మనసులో తిట్టుకుంటూ సిలోను తేయాకు అమ్మించి, మిల్లు షేర్లు కొన్నాను. మొదటి ఏడు మిల్లు బ్రహ్మాండమైన డివిడెండు ఇచ్చింది. అది పట్టుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టి, "చూశావా? నాలుగూ ఇచ్చి ఉంటే?" అన్నాను. ఆవిడ నవ్వింది. నాకు సిగ్గెందుకు లేకపోయిందో ఇప్పటికీ అనుకుంటాను.

రెండో ఏడు మిల్లు డివిడెండు లేదు. కొన్ని నెలలకు తలుపులే మూసేశారు. లాభం ఏనాడూ లేదట, అప్పు తెచ్చి డివిడెండు పంచారట. పెద్దాయనను అడిగితే, "వ్యాపారమన్నాక ఉంటాయోయ్" అని కాఫీ తెప్పించాడు. ఆ కాఫీ నేను తాగలేదు.

ఈ కబురు ఉత్తరంలో రాయలేదు. మీరూ రాయకండి. మంచి కబురు పోస్టులో పంపవచ్చు, చెడ్డ కబురు మనిషే మోసుకెళ్ళాలి. సైకిలు మీద వెళ్ళి, వాకిట్లో నిలబడి చెప్పాను. నరసమ్మ "శివరాత్రి ఎప్పుడొస్తంది బాబూ?" అని మాత్రం అడిగింది. నెల రోజులుంది.

పసుపు

రెండు వారాలు నేను సరిగ్గా అన్నం తినలేదు. అప్పుడు లండన్ నుంచి కవరు వచ్చింది. కొరియా యుద్ధంతో రబ్బరుకు గిరాకీ పెరిగిందని పేపర్లో చదువుతూనే ఉన్నాను. లండన్‌లో ఆఫీసున్న మలయా రబ్బరు కంపెనీ మామూలు డివిడెండు కాకుండా పైన ఇంకొకటి కలిపి ఇచ్చింది. ఓడలవీ జనపనారవీ అప్పటికే వచ్చి ఉన్నాయి. మొత్తం కూడి చూస్తే పొలం డబ్బు సరిపోతుంది. రబ్బరు లేకపోతే సరిపోదు.

ఆ డివిడెండు వారంటును, అంటే బ్యాంకులో ఇస్తే డబ్బిచ్చే కాగితాన్ని, నేరుగా విశాఖపట్నం పట్టుకెళ్ళాల్సింది. కాని నేను సంబరపడి నరసమ్మకు చూపించడానికి వెళ్ళాను. తల తీసేసినట్టయిన చోట తల ఎత్తుకుని నిలబడాలన్న ఆశ అది.

"శుక్కరవారం కదా. ఒక్క పూట ఇంట్లో ఉంచు బాబూ. లచ్చిమి దగ్గిరెట్టి ఇస్తాను" అంది. సరేనన్నాను.

మర్నాడు వెళ్ళి తీసుకున్నాను. నాలుగు మూలలా చక్కగా పసుపు, పైన కుంకుమ బొట్టు. నేను చూశాను. చూసి కూడా ఏమీ అనుకోలేదు. మా ఇంట్లో పద్దు పుస్తకం కొన్నా, శుభలేఖ అచ్చయినా, కొత్త గొడుగు తెచ్చినా అంతేగా. కాగితాన్ని కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకున్నాను. బీయే చదివిన ఏజెంటుని.

సోమవారం నాడు బ్యాంకు ఆఫీసరు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని కిటికీ వెలుతురులో పెట్టి చూశాడు.

"ఇదేమిటయ్యా, పెళ్ళి శుభలేఖా?"

కింద కుడి మూలన కంపెనీ సెక్రటరీ సంతకం ఉంటుంది. తడి పసుపు సరిగ్గా దాని మీదే పడి సిరా అలికింది. సంతకం ఉన్నట్టే ఉంది, ఎవరిదో మాత్రం చెప్పలేం.

"ఇది నేను తీసుకోను. లండన్‌కు రాసి ఇంకోటి తెప్పించుకో."

"ఎన్నాళ్ళు పడుతుందండీ?"

"మూడు నెలలు."

శివరాత్రికి పదకొండు రోజులుంది. నేను బల్ల ముందు కూర్చుండిపోయాను. లేవమన్నాడు, లేవలేదు. మొత్తం కథ చెప్పాను. మిల్లు సంగతి, నా కమీషను సంగతి, పసుపు చూసి కూడా చూడని సంగతి. ఆయన ముఖంలో జాలేమీ లేదు. ఉండకూడదు కూడా, అది ఆయన పని కాదు. అంతా విని ఒక దారి చెప్పాడు. లండన్ వాళ్ళు ఈ కాగితాన్ని కాదంటే ఆ డబ్బు నేను కడతానని హామీ పత్రం రాసి, దానికి సరిపడే ఆస్తి చూపించే మనిషి ఉంటే ఇస్తానన్నాడు.

పెద్దాయన దగ్గరికి పరుగెత్తాను. "ఎవరో రంగం ఆవిడ కోసం మనం ఇరుక్కోవడమేమిటోయ్? నీకు వ్యాపారం వంటబట్టదు" అన్నాడు. నిజమే, ఆయన నేర్పిన వ్యాపారం నాకు వంటబట్టలేదు. నేను నెలనెలా మిగుల్చుకుని కొన్న జనపనార షేర్లు కొన్ని నా దగ్గరుండేవి. నాకున్న ఆస్తల్లా అవే. వాటిని బ్యాంకులో పెట్టి నా పేరనే హామీ రాశాను.

శివరాత్రికి రెండు రోజుల ముందు నాయుడుగారు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం చేశారు. నరసమ్మ వేలిముద్ర వేసి, ఆ వేలు చీర చెంగుకు తుడుచుకోకుండా ఇంటిదాకా అలాగే ఎత్తి పట్టుకుని నడిచింది. లండన్‌లో రబ్బరు కంపెనీ ఆ వారంటును ఒక్క మాట అనకుండా చెల్లించింది. అక్కడివాళ్ళు ఆ పసుపు చూసి ఏమనుకున్నారో నాకు తెలియదు.

పెద్దాయన దగ్గర మానేశాను. మద్రాసు బ్రోకరు ఒకాయన దగ్గర చేరి చివరిదాకా అక్కడే చేశాను. ఆయన దగ్గర నేర్చుకున్నది కూడా చాలానే ఉంది, కాని అదంతా నరసమ్మ అడిగిన ఎరువు ప్రశ్నకు జవాబులే. డివిడెండు ఎంత అని అందరూ అడుగుతారు. ఎక్కడి నుంచి వస్తోంది అని అడగండి. వరసగా పది మంచి ఏళ్ళూ నాలుగు చెడ్డ ఏళ్ళూ ఆ కంపెనీ ఏం చేసిందో చూడండి. రెట్టింపు ఇస్తానన్నవాణ్ణి రెట్టింపు అనుమానించండి. మీ ఖాతాదారుకి ఏది చెప్పకపోతే నష్టమో, అది మీకు చిన్న విషయంగా అనిపించినా సరే, ముందే చెప్పండి. కాగితానికి పసుపు రాయొద్దమ్మా అన్న ఒక్క ముక్క ఆనాడు నా నోట రాలేదు.

పెట్టెలో ఉండవలసినవి

రిజిస్ట్రేషను అయిన వారానికి నరసమ్మ మడి దగ్గరికి వెళ్ళాను. తల్లీ కూతుళ్ళు ముచ్చెలుగా కోసిన చెరకు ముక్కలు నాటుతున్నారు. నా జేబులో మిల్లు సర్టిఫికెట్టు ఉంది. ఆవిడ ఎదుట చింపేసి, దాచిన సంగతి చెప్పేసి పోదామని వెళ్ళాను.

"అమ్మా, ఆ మిల్లు షేర్లు నీ కోసమే కొనిపించలేదు. నాకు కమీషను రెట్టింపు ఇస్తానన్నారు" అన్నాను.

నరసమ్మ నడుం ఎత్తి గట్టు మీదికి వచ్చి కూర్చుంది. "తెలుసు బాబూ. నీ మొకం సూస్తే తెల్దేటి?" అంది.

"తెలిసి ఎందుకిచ్చావు?"

"ఒకటే కదా ఇచ్చేను."

అప్పుడు చెప్పింది.

"రంగం మీద బాంబులు పడ్డప్పుడు ఓడకి మా అయిదుగురికీ టిక్కట్లు దొరికేయి. గుంటలయ్య ఒద్దన్నాడు. పెద్ద గుంటడిని మా మరిదితో ఓడెక్కించేడు. నన్నూ సత్తెమ్మనీ ఊరోళ్ళతో నడక దారిని పంపించేడు. దిండు నా సేతికిచ్చేడు. తను సిన్న గుంటడిని ఎత్తుకొని ఏటి మీద పడవలో బయల్దేరేడు. అందరం ఒక్క దారిని ఎల్దుం అని కాళ్ళట్టుకున్నాను. ఇన్నేడు కాదు."

సత్తెమ్మ అటు తిరిగి ముచ్చెలు సర్దుతోంది.

"మేవిద్దరం వచ్చేం" అంది నరసమ్మ.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏడవలేదు.

"సానా ఏళ్ళు ఆడిని తిట్టుకున్నాను బాబూ. మాతో వచ్చుంటే బతుకును కదా అని. మరి అందరం ఓడెక్కుంటే? ఏ దారి మంచిదో మునుపే తెలిస్తే అందరం అదే దారిని ఎల్దుం. తెల్దు. ఆడికీ తెల్దు. నువ్వు నాలుగూ అమ్మీమన్నప్పుడు నీ మీద నమ్మకం నేక కాదు. నీకూ తెల్దు కదా, అందుకు."

జేబులోంచి మిల్లు కాగితం తీశాను. "ఇది ఇంక దేనికీ పనికిరాదమ్మా" అని చింపబోయాను.

ఆవిడ దాన్ని నా చేతిలోంచి తీసుకుని మట్టి అంటకుండా పట్టుకుంది. ఆ సాయంత్రం వాళ్ళింట్లో సత్తెమ్మ పసుపు తడిపి నాలుగు మూలలా పెట్టింది. నరసమ్మ రేకు పెట్టె మూత తీసి, చమురు కంపెనీ కాగితం, బియ్యం మిల్లు కాగితం పైకి తీసి, వాటి మీద దీన్ని పెట్టి, మళ్ళీ మూడింటినీ రబ్బరు, ఓడలు, జనపనార పక్కన సర్దింది.

"పోయినోళ్ళని ఇంట్లోంచి తీసీలేం కదా బాబూ" అంది.